జర్మనీ వీసా: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జర్మనీలో ఉంటున్నానని తెలిసినప్పటి నుంచి ఊరి నుంచి, చుట్టాల నుంచి, స్నేహితుల తమ్ముళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కువమంది అడిగేవి అవే ప్రశ్నలు. చాలామంది ఎవరో ఏజెంటుకి వేలకు వేలు కట్టేశాక ఫోన్ చేస్తారు, అదే నాకు బాధ. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. అమ్మానాన్నల్ని తెచ్చుకోవాలనుకునేవాళ్ల ప్రశ్నలకి ఎక్కువ చోటిచ్చాను, ఎందుకంటే ఎక్కువ తిప్పలు పడేది వాళ్లే.

అసలు నాకు కావలసింది ఏ వీసా?

ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: అక్కడ ఉండేది 90 రోజుల్లోపా, అంతకన్నా ఎక్కువా? చూసి రావడానికో, పిల్లల దగ్గర రెండు నెలలు ఉండటానికో, ఆఫీసు మీటింగుకో అయితే షెంగెన్ వీసా, అంటే ఒకే వీసాతో యూరప్‌లో చాలా దేశాలు తిరగనిచ్చేది, దాన్నే సి వీసా అంటారు. చదువు, ఉద్యోగం, భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లి కాపురం ఉండటం అయితే నేషనల్ వీసా, అంటే డి వీసా. రెండింటి ఫారాలు వేరు, ఫీజులు వేరు, చూసే కళ్లు కూడా వేరు. టూరిస్టు వీసా మీద వచ్చి ఇక్కడే ఉద్యోగం వెతుక్కుని వీసా మార్చేసుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. మన పాస్‌పోర్టు వాళ్లు వెనక్కి వెళ్లి సరైన వీసాతో రావాల్సిందే, మినహాయింపులు చాలా తక్కువ.

షెంగెన్ వీసాతో ఏయే దేశాలు తిరగొచ్చు? లండన్ కూడా వెళ్లొచ్చా?

షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి. రొమేనియా, బల్గేరియా 2025 జనవరి నుంచి పూర్తిగా కలిశాయి. స్విట్జర్లాండ్, నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి. లండన్‌కి కుదరదు, బ్రిటన్ వీసా వేరే. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా షెంగెన్‌లో లేదు, డబ్లిన్‌లో ఉన్న అక్కని చూడాలంటే దానికీ వేరే వీసా తీసుకోవాలి.

పారిస్, స్విట్జర్లాండ్, జర్మనీ మూడూ చూడాలనుకుంటున్నాం. ఏ దేశానికి అప్లై చేయాలి?

ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి. అన్నిచోట్లా సమానంగా ఉంటే ముందు ఎక్కడ దిగుతారో ఆ దేశానికి. ఫలానా దేశం అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతోందని దానికి అప్లై చేసి, వెళ్లేది మాత్రం ఇంకోచోటికి అయితే, ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరు హోటల్ బుకింగులు చూపించమన్నప్పుడు ఇరుక్కుంటారు.

ఎప్పుడు అప్లై చేయాలి, ఎంత ఖర్చవుతుంది?

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. నా మాట వినేవాళ్లకైతే రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టమంటాను, వేసవి సెలవులకైతే ఇంకా ముందు, ఎందుకంటే ఆలస్యమయ్యేది అపాయింట్‌మెంట్ దగ్గరే. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు వాళ్లకి లేదు. దానిమీద, ఎంబసీ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ అనే కంపెనీ వాళ్ల సర్వీసు చార్జీ ఉంటుంది. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. మన రెండు రాష్ట్రాల వాళ్లకి హైదరాబాద్‌లో వీఎఫ్ఎస్ సెంటరు ఉంది. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల వరకు పనికొస్తాయి.

మా నాన్న రైతు. ఐటీ రిటర్న్స్ లేవు, జీతం స్లిప్పులు లేవు. వీసా వస్తుందా?

వస్తుంది. ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరికీ ముందు ఇదే చెబుతాను, ఎందుకంటే ఐటీ లేదు కాబట్టి రాదని ఎవరో అనేసరికి ఆశ వదిలేసినవాళ్లని చూశాను. వీసా ఆఫీసరుకి కావలసినవి రెండే సంగతులు: ఈ మనిషి ఇక్కడున్నన్నాళ్లూ ఖర్చు ఎవరు పెడతారు, గడువు అయ్యాక ఈ మనిషి తిరిగి ఎందుకు వెళ్తాడు. మొదటిదానికి మీరున్నారు. రెండోదానికి రైతు కన్నా బలమైన కారణం ఎవరికుంది చెప్పండి? పొలం ఉంది, ఇల్లుంది, పంట చేతికొచ్చే నెల తెలుసు. కాకపోతే ఆ సంగతి నోటితో చెబితే చాలదు, కాగితం మీద కనబడాలి.

మా నాన్నగారికి మేం పెట్టినవి చెబుతాను. పట్టాదారు పాసుబుక్కు, మీ సేవలో తీసిన అడంగల్, తెలంగాణలో అయితే పహాణీ. మిర్చి అమ్మినప్పుడు యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు, ఆ డబ్బు బ్యాంకులో పడిన రోజు స్టేట్‌మెంట్‌లో కనబడేలా. ఇంటి పన్ను రసీదు. ఊళ్లో ఉంటున్న నాయనమ్మ ఆయన మీదే ఆధారపడి ఉందని చెప్పే రేషన్ కార్డు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం జతచేశాం. కవరింగ్ లెటర్‌లో పెద్ద మాటలేమీ లేవు: ఇన్ని ఎకరాలు, ఈ పంట, ఈ నెలలో నాటు, ఈ నెలలో కోత, అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఖాళీ, అందుకే ఈ తేదీలు. రైతు జీవితం తెలియని మనిషికి కూడా అది చదివితే ఎందుకు ఆ నెలల్లోనే వస్తున్నాడో, ఎందుకు తిరిగి వెళ్తాడో అర్థమవుతుంది. కౌలు రైతులైతే కౌలు పత్రం పెట్టండి. పెన్షన్ వచ్చేవాళ్లయితే పెన్షన్ బుక్కు, ఆ ఖాతా స్టేట్‌మెంట్ చాలావరకు సరిపోతాయి.

అమ్మానాన్నల ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఒక లెటర్ రాసిస్తే చాలా?

ఆహ్వానం లెటర్ వేరు, హామీ పత్రం వేరు. ఖర్చు పూర్తిగా మీదే అని చూపించాలంటే ఫెర్‌ఫ్లిష్‌టుంగ్స్ఎర్క్లేరుంగ్ అనే హామీ పత్రం తీసుకోవాలి. పేరు పలకడం కష్టమే గాని పని కష్టం కాదు. మీ ఊరి విదేశీయుల ఆఫీసులో, అంటే ఆస్‌లెండర్‌బెహోర్డెలో, అపాయింట్‌మెంట్ తీసుకుని మీ జీతం స్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం, జర్మనీలో ఉండటానికి మీకిచ్చిన పర్మిట్ కార్డు చూపిస్తే, మీ ఆదాయం సరిపోతుందో లేదో చూసి ఇస్తారు. ఒక్కోదానికి ఫీజు 29 యూరోలు. ఒరిజినల్ ఇండియాకి పంపాలి, స్కాన్ కాపీ చాలదు. 6 నెలల్లోపు వాడుకోవాలి. సంతకం పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి: వచ్చినవాళ్ల వైద్యం ఖర్చుతో సహా ప్రభుత్వానికి ఏ ఖర్చు వచ్చినా మీ దగ్గర వసూలు చేసే హక్కు దానితో వాళ్లకి వస్తుంది. కన్నవాళ్ల కోసం సరే, ముఖపరిచయం ఉన్నవాళ్ల కోసం మాత్రం ఆలోచించి పెట్టండి.

పెద్ద నగరాల్లో ఈ అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. ముందు ఇది బుక్ చేసుకుని తర్వాత టికెట్ల సంగతి చూడండి.

బ్యాంకు ఖాతాలో ఎంత ఉండాలి? తాత్కాలికంగా ఎవరి దగ్గరైనా తెచ్చి వేస్తే?

వేయకండి. ఇది నా అనుభవంతో చెబుతున్నాను. మొదటిసారి అమ్మకి అప్లై చేసినప్పుడు, ఖాతాలో నిండుగా కనబడితే మంచిదని ఒక ఏజెంటు చెప్పాడు. నేను ఇక్కడి నుంచి ఒకేసారి ఐదు లక్షలు పంపాను. అప్పటిదాకా ఆ ఖాతాలో కదలికంతా పెన్షన్, గ్యాస్ సబ్సిడీ, కరెంటు బిల్లు. వాటి మధ్య, అప్లై చేసే వారం ముందు ఐదు లక్షలు. వీసా రాలేదు. రెండోసారి ఆ డబ్బు జోలికి పోకుండా, ఉన్న ఖాతాని ఉన్నట్టే చూపించి, నా హామీ పత్రం పెట్టి, పైన చెప్పిన కాగితాలన్నీ జతచేస్తే వచ్చింది. అమ్మ ఆ మధ్య నాలుగు నెలలు, తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకుని మథనపడింది. ఆ నాలుగు నెలలు ఇంకో అమ్మ పడకూడదనే ఇదంతా రాస్తున్నది.

కనీసం మూడు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు. పిల్లలు పంపిన డబ్బే అయితే పిల్లలు పంపినట్టే చెప్పండి, నెలనెలా పంపే అలవాటుంటే అది కనబడుతుంది కూడా. ఖాతాలో తక్కువుండటం తప్పు కాదు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని డబ్బు ఉండటమే అనుమానానికి దారి తీస్తుంది.

పాస్‌పోర్టులో ఒక పేరు, పాసుబుక్కులో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు ఉంది. సమస్యా?

తెలుగువాళ్లకి ఇది ఇంటింటా ఉండే సమస్యే. పాసుబుక్కులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉంటుంది, ఆధార్‌లో ‘వెంకట’ ఒక చోట ఉండి ఇంకో చోట ఉండదు. జర్మన్ ఆఫీసరుకి ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు తెలియాలనేం లేదు. పేర్లు ఎందుకు తేడాగా ఉన్నాయో, అవన్నీ ఒకే మనిషివని ఒక చిన్న వివరణ, నోటరీ అఫిడవిట్ పెట్టండి. టికెట్టు, ఇన్సూరెన్సు, హామీ పత్రం, వీసా ఫారం, ఈ నాలుగింటిలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. చదువుకోవడానికి వచ్చేవాళ్లు, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే యూనివర్సిటీకి అప్లై చేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి, లేకపోతే ఇక్కడ బ్యాంకు నుంచి ఇన్సూరెన్సు దాకా ప్రతిచోటా అదే గొడవ.

ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి?

షెంగెన్ దేశాలన్నింటికీ వర్తించేది, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్నది. ఇక్కడి ఆసుపత్రి బిల్లు మామూలుగా ఉండదు కాబట్టి అమ్మానాన్నలకి చవకది చూడకండి. బీపీ, షుగరు లాంటివి ముందే ఉన్నవాళ్లకి వాటివల్ల వచ్చే అత్యవసరాలు కవరవుతాయో లేదో పాలసీలో చదివి తీసుకోండి.

90 రోజులు అంటే మూడు నెలలేనా? వెళ్లి మళ్లీ వెంటనే రావచ్చా?

మూడు నెలలు అనుకునే చాలామంది పొరపాటు పడతారు. లెక్క రోజుల్లో: ఏ రోజు చూసుకున్నా, వెనక్కి 180 రోజుల్లో మీరు షెంగెన్‌లో ఉన్న రోజులు 90 దాటకూడదు. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకే. ఉదాహరణకి అమ్మ మార్చి 1న దిగితే 90వ రోజు మే 29. మే 31 అనుకుని టికెట్టు తీస్తే రెండు రోజులు ఎక్కువున్నట్టు. మళ్లీ రావాలంటే, వీసా ఇంకా చెల్లుతూ ఉంటే, ఆగస్టు 28 నుంచి రావచ్చు. ఇదివరకు స్టాంపులు చూసి లెక్కపెట్టేవాళ్లు. 2025 అక్టోబరు 12 నుంచి ఈఈఎస్ అనే కంప్యూటర్ విధానం మొదలైంది, ముఖం ఫొటో, వేలిముద్రలు తీసుకుని లెక్క అదే చూసుకుంటుంది. ఒక్క రోజే కదా అనుకునే రోజులు పోయాయి.

వీసా చేతికొచ్చింది. స్టిక్కర్ మీద ఏం చూడాలి?

కౌంటర్ దగ్గర నిలబడే చూడండి, ఇంటికెళ్లాక కాదు. ‘ఫోమ్’ అన్న తేదీ నుంచి ‘బిస్’ అన్న తేదీ వరకు వీసా చెల్లుతుంది. అదొక్కటే చూసి సంబరపడకండి. పక్కన రోజుల సంఖ్య ఉంటుంది, 30 అనో 60 అనో 90 అనో. రెండు తేదీల మధ్య 75 రోజులున్నా, ఆ గడిలో 60 ఉంటే మీరు ఉండగలిగేది 60 రోజులే. ఇంకో గడిలో ఎన్నిసార్లు రావచ్చో ఉంటుంది: 01 అంటే ఒక్కసారే, బయట దేశానికి వెళ్తే మళ్లీ లోపలికి రాలేరు. మల్ట్ అంటే ఎన్నిసార్లైనా. పేరు, పాస్‌పోర్టు నంబరు ఒక్కో అక్షరం వేలు పెట్టి చూసుకోండి, తప్పుంటే వెంటనే చెబితే దిద్దించుకోవచ్చు.

మన దేశం వాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని పద్ధతిగా వాడుకుని ఉంటే, రెండేళ్ల మల్టిపుల్ వీసాకి అర్హత వస్తుంది, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువు సరిపోతే ఐదేళ్లది. మళ్లీ మళ్లీ మనవల్ని చూడటానికి వచ్చే అమ్మమ్మ తాతయ్యలకి ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పక్కర్లేదు.

రిజెక్ట్ అయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు టెన్షన్ పడకుండా ఆ కాగితం చదవండి. అందులో కారణాలు అచ్చువేసి ఉంటాయి, మీకు వర్తించేవాటికి టిక్ పెడతారు. మనవాళ్లకి ఎక్కువగా కనబడేది, గడువు ముగిసేలోపు తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదు అన్నది. ఇదివరకు ఉచితంగా అభ్యంతరం రాసుకునే పద్ధతి ఉండేది, జర్మనీ దాన్ని 2025 జూలై 1 నుంచి తీసేసింది. ఇంకా పాత వీడియోలు చూసి ఆ లెటర్లు రాస్తున్నవాళ్లున్నారు, దయచేసి ఆగండి. ఇప్పుడున్నవి రెండే దారులు: బెర్లిన్‌లోని కోర్టుకి వెళ్లడం, లేదా మళ్లీ అప్లై చేయడం. చూసి వెళ్లే వీసాలకి మళ్లీ అప్లై చేయడమే మేలు. మళ్లీ చేసేటప్పుడు అవే కాగితాలు పంపితే అదే జవాబు వస్తుంది, టిక్ పెట్టిన కారణానికి సమాధానం చెప్పే కాగితం కొత్తగా ఉండాలి. పాత రిజెక్షన్ దాచకండి, వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది.

ఎంఎస్‌కి రావాలంటే ఏమేం కావాలి?

అడ్మిషన్ లెటర్, ఏపీఎస్ సర్టిఫికెట్, బ్లాక్డ్ అకౌంట్, హెల్త్ ఇన్సూరెన్స్. ఏపీఎస్ అంటే మీ డిగ్రీ కాగితాలు నిజమైనవేనని ఢిల్లీలో చూసి ఇచ్చే సర్టిఫికెట్, 2022 నవంబరు నుంచి మన విద్యార్థులకి తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. వారాలు పడుతుంది కాబట్టి మార్కుల లిస్టులు చేతికి రాగానే మొదలుపెట్టండి. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అది ఫీజు కాదు, మీ డబ్బే, ఇక్కడికొచ్చాక నెలకి 992 చొప్పున మీకే వస్తుంది. వీసా ఫీజు 75 యూరోలు. ఇప్పుడు డి వీసాలకి ఆన్‌లైన్ కాన్సులర్ పోర్టల్‌లో ముందే కాగితాలు పంపొచ్చు, ఏదైనా తక్కువైతే అపాయింట్‌మెంట్ ముందే చెబుతారు.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొంత చందా మాత్రమే. కానీ బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో కోర్సుని బట్టి 2,000 నుంచి 6,000 దాకా ఉంది. జర్మనీ అంటే అంతా ఫ్రీ అని చెప్పి ప్రైవేటు కాలేజీల్లో చేర్పించే కన్సల్టెన్సీలున్నాయి, ఆ కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా అని మీరే చూసుకోండి.

పార్ట్‌టైమ్ చేసి ఫీజులు, ఖర్చులు వెళ్లదీయొచ్చా?

ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది, కానీ జర్మన్ భాష రాకుండా చిన్న ఊళ్లో పని దొరకడం కష్టం. వచ్చిన మొదటి నెల నుంచే సంపాదించి ఇంటికి పంపుతాననే లెక్కతో అప్పు చేసి రావద్దు. మొదటి ఏడాది డబ్బు చేతిలో ఉంటేనే రండి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు, అది మాత్రం నిజంగా మంచి అవకాశం.

ఉద్యోగం మీద రావాలంటే?

ఆఫర్ చేతిలో ఉంటే బ్లూ కార్డు, అంటే పెద్ద చదువు చదివిన ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్. 2026కి ఏడాది జీతం కనీసం 50,700 యూరోలు ఉండాలి. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం లాంటి కొరత ఉన్న రంగాలకీ, డిగ్రీ అయి మూడేళ్లు దాటనివాళ్లకీ 45,934.20 చాలు. ఆఫర్ లేకుండా వచ్చి వెతుక్కోవాలంటే 2024 జూన్‌లో మొదలైన ఆపర్చునిటీ కార్డు ఉంది, ఇక్కడ షాన్సెన్‌కార్టె అంటారు. చదువు, అనుభవం, భాష, వయసు కలిపి 6 పాయింట్లు రావాలి, నెలకి 1,091 యూరోల చొప్పున ఏడాదికి డబ్బు చూపించాలి, వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, జర్మన్ కనీసం బీ1 అనే మధ్యస్థాయి దాకా నేర్చుకోకుండా ఈ కార్డు మీద రాకండి. ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ గురించి అడిగేవాళ్లకి: వద్దు. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటారు. దొరికితే పోయేది ఈ ఒక్క వీసా కాదు.

పెళ్లయింది. భార్యని ఎలా తీసుకురావాలి?

గుళ్లో పెళ్లి, ఫొటోలు, శుభలేఖ చాలవు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. పెళ్లైన వారంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లండి, సెలవు అయిపోయి మీరు విమానం ఎక్కేశాక ఇద్దరి సంతకాలు కుదరవు. మీది బ్లూ కార్డు అయితే ఆమెకి జర్మన్ పరీక్ష అక్కర్లేదు. విద్యార్థిగా ఉండి తీసుకురావాలంటే ఆమె ఏ1, అంటే మొదటి స్థాయి జర్మన్ పరీక్ష, పాసవ్వాలి, ఇల్లు, ఆదాయం చూపించాలి. ఏ1 హైదరాబాద్‌లోని గోథె సెంత్రుమ్‌లో నేర్చుకోవచ్చు. అక్కర్లేకపోయినా నేర్చుకుని రమ్మనే చెబుతాను, ఎందుకంటే భర్త ఆఫీసుకెళ్లాక పక్కింటావిడతో రెండు మాటలు కూడా మాట్లాడలేక చలికాలమంతా ఇంట్లో ఒక్కతే కూర్చున్న ఆడపిల్లలు నాకు తెలుసు. వచ్చిన రోజు నుంచీ ఆమె ఉద్యోగం చేసుకోవచ్చు, దానికి వేరే పర్మిట్ అక్కర్లేదు.

దిగిన తర్వాత మొదట చేయాల్సింది?

ఇల్లు దొరికిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రసు నమోదు, ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆ సంతకం ఇవ్వనన్న ఇంట్లో దిగకండి, అడ్రసు లేకపోతే మిగతా పనులన్నీ ఆగిపోతాయి. పర్మిట్ గడువు అయ్యేలోపే పొడిగింపుకి అప్లై చేయండి. కార్డు ఆలస్యమైతే మధ్యలో ఒక తాత్కాలిక పత్రం ఇస్తారు, అది ఉంటే మీరు చట్టప్రకారం ఉన్నట్టే.

పీఆర్, సిటిజన్‌షిప్ ఎన్నేళ్లకి?

బ్లూ కార్డు వాళ్లకి 27 నెలలకి పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే పర్మిట్, జర్మన్ బీ1 ఉంటే 21 నెలలకే. సిటిజన్‌షిప్‌కి 5 ఏళ్లు. 3 ఏళ్ల దారి 2025లో తీసేశారు. జర్మనీ రెండు పాస్‌పోర్టులు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్న రోజున ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోవాలి, ఆ తర్వాత, విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డే.

అమ్మ పచ్చళ్లు తెస్తానంటోంది. తేనిస్తారా?

ఆవకాయ, గోంగూర, చింతకాయ, కందిపొడి, కారప్పొడి గట్టిగా ప్యాక్ చేసి తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, వేటమాంసం కలిపిన పొడులు, పాలతో గాని మాంసంతో గాని చేసినవేవీ యూరప్ బయటి నుంచి తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, నీడన ఆరబెట్టి పొడిగా చేసి తెమ్మనండి. మందులు ఉండే రోజులకి సరిపడా, డాక్టరు చీటీ ఇంగ్లీషులో రాయించుకుని, చీటీ ఎప్పుడూ చేతి సంచిలోనే. అమ్మకి భాష రాకపోతే మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, తిరుగు టికెట్టు, హామీ పత్రం కాపీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, ఆఫీసరు ఏదైనా అడిగితే అది చూపించమని చెప్పండి. మా అమ్మ ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాగే దిగింది, ఒక్క మాట ఇంగ్లీషు లేకుండా, ఆ ఫోల్డర్ రెండు చేతులతో పట్టుకుని.